ఎడారి నేలల్లో దొరికే రాతి పనిముట్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

రాజస్థాన్‌లోని థార్ ఎడారిని ప్రధాన ఉదాహరణగా తీసుకొని, ఎండు నేలల్లో దొరికే పాత రాతి యుగపు పనిముట్లను భూపురావస్తు శాస్త్రం ఎలా పరిశీలిస్తుందో ఇక్కడ వివరించాను. అవసరమైన చోట మన రాయలసీమ, ఆస్ట్రేలియా ప్రస్తావనలు వస్తాయి. విద్యార్థులు, ఉపాధ్యాయులు, చరిత్ర మీద ఆసక్తి ఉన్న పాఠకులు సాధారణంగా అడిగే ప్రశ్నలే ఇవి.

భూపురావస్తు శాస్త్రం అంటే ఏమిటి? మామూలు పురావస్తు శాస్త్రానికీ దీనికీ తేడా ఏమిటి?

పురావస్తు శాస్త్రవేత్త దృష్టి ముందుగా మనిషి చేసిన వస్తువు మీద పడుతుంది. భూపురావస్తు శాస్త్రవేత్త అంతకంటే ముందు ఆ వస్తువు ఏ మట్టిలో ఉందో, ఆ మట్టి అక్కడికి ఎలా చేరిందో, చేరిన తరువాత ఎన్నిసార్లు కదిలిందో చూస్తారు. ఇసుక గాలికి వచ్చిందా, వాగు తెచ్చిందా, చెరువు అడుగున పేరుకున్న ఒండ్రా అన్నది తేలకుండా, అందులో దొరికిన రాతి పనిముట్టు గురించి చెప్పే మాటలన్నీ ఊహలుగానే మిగులుతాయి. రెండు శాస్త్రాలకూ మధ్య గట్టు ఏమీ లేదు. ఒకే గుంటలో ఇద్దరూ దిగుతారు. ఒకరు జల్లెడలో మిగిలిన రాళ్ళను చూస్తుంటే, మరొకరు గుంట గోడ మీద కనిపించే పొరలను చూస్తుంటారు.

ఎడారుల మీదే ఇంత శ్రద్ధ ఎందుకు?

మొదటి కారణం కంటికి కనిపించడం. అడవి నేలలో పనిముట్లు ఆకుల కింద, వేళ్ళ కింద, నల్లమట్టి కింద దాగి ఉంటాయి. ఎడారిలో కప్పు పలుచన, చెట్టు తక్కువ. గాలి మట్టిని ఎత్తుకుపోతే రాళ్ళు బయటపడతాయి. రెండవ కారణం ఇంకా ముఖ్యమైనది. ఎడారి అంచులు వానకు చాలా సున్నితంగా స్పందిస్తాయి. రుతుపవనం కొంచెం బలపడితే చెరువులు నిండి గడ్డి మొలుస్తుంది, కొంచెం బలహీనపడితే ఇసుక కదలడం మొదలవుతుంది. థార్ పడమటి భాగంలో ఏడాదికి 100 మిల్లీమీటర్ల వాన పడటమే గగనమైతే, ఆరావళి వైపు అది 500 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. ఈ రెండింటి మధ్య గీత కాలాన్నిబట్టి తూర్పుకూ పడమరకూ జరుగుతూ వచ్చింది. మనుషులు ఆ గీతతో పాటు జరిగారా, దాన్ని దాటి నిలబడ్డారా అన్నదే ఇక్కడ అసలు ప్రశ్న.

నేల మీద పరుచుకొని ఉన్న పనిముట్లన్నీ ఒకే కాలానివి అనుకోవచ్చా?

అనుకోకూడదు. ఈ రంగంలో కొత్తగా అడుగుపెట్టినవారు చేసే పొరపాట్లలో ఇది మొదటిది కనుక కొంచెం వివరంగా చెబుతాను.

కళ్ళంలో ధాన్యాన్ని తూర్పారబట్టేటప్పుడు పొట్టు గాలికి ఎగిరిపోయి గింజలు కింద కుప్పగా మిగలడం మనకు తెలిసిందే. ఎడారిలో గాలి చేసే పని అదే. ఇసుక, దుమ్ము ఎగిరిపోతాయి, రాళ్ళు మిగులుతాయి. రెండు మీటర్ల మందం ఉన్న ఇసుకలో మూడు వేరు వేరు లోతుల్లో, మూడు వేరు వేరు కాలాలకు చెందిన పనిముట్లు ఉన్నాయనుకుందాం. గాలి ఆ ఇసుకనంతా తొలగిస్తే ఆ మూడు కాలాల రాళ్ళూ ఒకే మట్టానికి దిగి పక్కపక్కన కూర్చుంటాయి. రెండు లక్షల ఏళ్ళ నాటి చేతిగొడ్డలి (రెండు ముఖాలూ చెక్కిన పెద్ద రాతి పనిముట్టు) పక్కనే పది వేల ఏళ్ళ నాటి చిన్న పెచ్చు కనిపిస్తుంది. చూసేవారికి అది ఒకే గుంపు మనుషులు ఒకే రోజున వదిలిన సామానులా తోస్తుంది.

దీనికి విరుద్ధమైన పరిస్థితి కూడా ఉంది. కొన్ని ఎడారుల్లో రాళ్ళు ఒకదాని పక్కన ఒకటి బండలు పరిచినట్టు బిగుసుకొని కనిపిస్తాయి. ఇటువంటి రాతిపరుపు కింద మట్టి పోయినందువల్లే ఏర్పడుతుందని చాలాకాలం అనుకున్నారు. కొన్ని చోట్ల జరిగేది దీనికి పూర్తిగా భిన్నమని అమెరికాలోని మొహావీ ఎడారిలో జరిగిన పరిశీలనల్లో తేలింది. గాలికి వచ్చిన సన్నని దుమ్ము రాళ్ళ సందుల్లోంచి కిందికి దిగి అక్కడ పేరుకుంటుంది. ఆ దుమ్ము పొర మందమయ్యే కొద్దీ రాళ్ళు దాని మీద తేలుతున్నట్టుగా పైపైకి లేస్తాయి. అంటే ఒకచోట రాళ్ళు కిందికి దిగి కలిసిపోతాయి, మరొకచోట పుట్టిన నాటి నుంచీ ఉపరితలంలోనే ఉండిపోతాయి. రెండింటిలో ఏది జరిగిందో తెలుసుకోవాలంటే గుంట తవ్వి చూడక తప్పదు.

ఒక రాయి తిరగబడిందో లేదో ఎలా తెలుస్తుంది?

చేతిలోకి తీసుకునే ముందే చూడవలసిన గుర్తు ఒకటి ఉంది. ఎండు నేలల్లో వాననీరు కొద్దిలోతు దాకా దిగి ఆవిరైపోతుంది. అందులో కరిగి ఉన్న సున్నపు పదార్థం రాళ్ళ అడుగు వైపున పట్టుకుంటుంది. చాలాకాలం ఒకేచోట కదలకుండా ఉన్న పెచ్చును మెల్లగా పైకి తీస్తే, పై ముఖం గోధుమరంగులో నున్నగా, అడుగు ముఖం గోడకు సున్నం కొట్టినట్టు తెల్లగా గరుకుగా ఉంటుంది. వేలితో తడిమితే సన్నని బుడిపెలు తగులుతాయి. ఆ తెలుపు పై ముఖం మీద కనిపిస్తే, సున్నం పట్టిన తరువాత ఆ రాయి తిరగబడిందని అర్థం. రెండు వైపులా ఉంటే అది ఒకటి కంటే ఎక్కువసార్లు తిరిగి ఉండవచ్చు. అందుకే రాయిని నేల మీద నుంచి తీసేముందు పై ముఖం మీద చిన్న గుర్తు పెట్టి, ఉత్తర దిక్కు ఎటుందో రాసుకుంటారు. ఒక్క రాయిని జేబులో వేసుకున్నంత మాత్రాన ఈ సమాచారమంతా పోతుంది. ప్రతి క్షేత్రంలోనూ ఈ మాటను నేను మళ్ళీ మళ్ళీ చెబుతూనే ఉంటాను.

మనిషి చెక్కిన రాయికీ, ఎండకు పగిలిన రాయికీ తేడా ఎలా గుర్తుపట్టాలి?

మనిషి ఒక రాయితో మరొక రాయి అంచును కొట్టినప్పుడు పెచ్చు ఊడుతుంది. ఆ పెచ్చు మీద దెబ్బ తగిలిన చిన్న తలం ఉంటుంది. దాని కింద కొద్దిగా ఉబ్బు, ఆ ఉబ్బు నుంచి నీటిలో రాయి వేస్తే లేచే అలల్లాంటి వంపు గీతలు కనిపిస్తాయి. పెచ్చు ఊడిన అసలు రాయి మీద దీనికి సరిపోయే గుంట ఉంటుంది. పగటి వేడి, రాత్రి చలి వల్ల పగిలిన రాళ్ళలో దెబ్బ తలం ఉండదు. గిన్నె మూతలాగా గుండ్రని బిళ్ళలు ఊడతాయి, లేదా రాయి నిలువునా చీలుతుంది. వాగులో దొర్లుతూ ఒకదానికొకటి తగిలి పగిలిన రాళ్ళకు దెబ్బలు ఉంటాయి కానీ వాటికి వరుస ఉండదు. ఒక్క రాయిని చూసి తీర్పు చెప్పడం కష్టం. ఒకే దిశలో, ఒకే పద్ధతిలో పెచ్చులు తీసిన రాళ్ళు పదుల సంఖ్యలో ఒకచోట ఉంటే సందేహం తగ్గుతుంది. ఒకే రాయి నుంచి ఊడిన రెండు పెచ్చులు అతికి సరిపోతే ఆ చోటనే పని జరిగిందన్న నమ్మకం బాగా బలపడుతుంది.

పనిముట్లు నీటికి కొట్టుకొచ్చాయో, అక్కడే వదిలినవో ఎలా తేలుస్తారు?

రాయి చెక్కినప్పుడు పెద్ద పెచ్చులతో పాటు గోటి ముక్కంత చిప్పలు వందల కొద్దీ రాలుతాయి. నీరు ముందుగా వీటినే ఎత్తుకుపోతుంది. అందువల్ల ఒక చోట పెద్దవి మాత్రమే ఉండి చిన్నవి లేకపోతే ప్రవాహం జల్లెడ పట్టిందని అనుమానించాలి. చిన్నవి మాత్రమే ఒక మూలన పోగుపడి ఉంటే, అవి ఇంకెక్కడి నుంచో వచ్చినవి కావచ్చు. అంచుల పదును మరొక సాక్ష్యం: దొర్లిన రాయి అంచు మొద్దుబారుతుంది, గాలిలోని ఇసుక కోసిన రాయి అంచు నున్నబడి మెరుగు పట్టినట్టు ఉంటుంది. పొడవాటి రాళ్ళన్నీ ఒకే దిక్కుకు తిరిగి ఉంటే అది కూడా ప్రవాహం పనే. పశువుల గిట్టల కింద పడి రాళ్ళు మెత్తని ఇసుకలోకి దిగబడటాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. థార్‌లో మేకలు, గొర్రెలు, ఒంటెలు తిరగని నేల అంటూ లేదు.

థార్‌లో ఈ పని ఎప్పుడు మొదలైంది? ముఖ్యమైన స్థలాలు ఏవి?

భారతదేశంలో పాత రాతి యుగపు అధ్యయనం 1863 మే 30న మద్రాసు దగ్గరి పల్లవరంలో రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఒక రాతి పనిముట్టును గుర్తించడంతో మొదలైందని చెబుతారు. ఫుట్ వృత్తిరీత్యా భూగర్భ శాస్త్రవేత్త. మన కర్నూలు ప్రాంతపు బిల్లసర్గం గుహలతో కూడా ఆయన పేరు ముడిపడి ఉంది. రాతి పనిముట్టును, దాన్ని మోస్తున్న పొరను కలిపి చూసే అలవాటు మన దేశంలో మొదటి రోజు నుంచే ఉందని నేను దీన్నిబట్టి అనుకుంటాను.

థార్‌లో వ్యవస్థితమైన కృషి 1970లు, 80లలో సాగింది. పుణెలోని దక్కన్ కళాశాల నుంచి వి.ఎన్. మిశ్రా, ఎస్.ఎన్. రాజగురు, అహ్మదాబాద్‌లోని భౌతిక పరిశోధన ప్రయోగశాల శాస్త్రవేత్తలు, విదేశీ పరిశోధకులు నాగౌర్ ప్రాంతంలోని డీడ్వానా ఉప్పు సరస్సు చుట్టూ పని చేశారు. అక్కడి నేలను వారు మూడు ప్రధాన సముదాయాలుగా విడదీశారు. అన్నిటికన్నా అడుగున జాయల్ గులకరాళ్ళు ఉన్నాయి. ఇవి ఒకప్పటి పెద్ద నదుల పడకలు. చుట్టూ ఉన్న మెత్తని నేల కొట్టుకుపోగా, గట్టిపడిన ఆ పడకలు ఇప్పుడు గుట్టల వరుసలా ఎత్తుగా నిలిచి ఉన్నాయి. నది అడుగు కొండగా మారిందన్న మాట. దాని పైన సున్నపు పదార్థం కలిసిన బంకమన్ను, ఒండ్రుల అమర్‌పురా పొరలు, ఆ పైన గాలి ఇసుక దిబ్బలతో కూడిన డీడ్వానా పొరలు ఉన్నాయి. సింగీ తలావ్, 16ఆర్ ఇసుక దిబ్బ, కటోతీ అనే స్థలాలు ఈ క్రమంలోనే అర్థమవుతాయి. చాలా తరువాతి కాలానికి చెందిన సూక్ష్మ రాతి పనిముట్లు భీల్వాడా జిల్లాలో కోఠారీ నది ఒడ్డున ఉన్న బాగోర్ ఇసుక దిబ్బలో వేల సంఖ్యలో దొరికాయి. అక్కడ 1967 నుంచి 1970 వరకు తవ్వకాలు జరిగాయి.

16ఆర్ దిబ్బకు అంత ప్రాముఖ్యం ఎందుకు?

అది ఒకే చోట నిలువుగా దొరికిన పుస్తకం లాంటిది. డీడ్వానా దగ్గర ఈ దిబ్బను 18 మీటర్లకు పైగా లోతు తవ్వారు. ఆరంతస్తుల మేడ ఎత్తున్న ఇసుక గోడను ఊహించుకోండి. ఆ గోడలో ఇసుక ఒకే తీరుగా ఉండదు. కొంత మందం వదులైన ఇసుక, దాని మీద తెల్లని సున్నపు గడ్డలతో గట్టిపడిన పట్టీ, మళ్ళీ ఇసుక, మళ్ళీ పట్టీ. ఇసుక పేరుకున్న కాలంలో దిబ్బ పెరుగుతోంది. సున్నపు పట్టీ ఏర్పడిన కాలంలో ఇసుక కదలడం ఆగి, కొంత వాన పడి, గడ్డి గాదం మొలిచి, నేల నిలకడగా ఉంది. పనిముట్లు వేరు వేరు లోతుల్లో, కింద పాతవి, పైన తరువాతివి వరుసగా దొరికాయి. అశోక్ సింఘ్వీ, ఆయన సహచరులు 2010లో ప్రచురించిన కాలనిర్ణయం ప్రకారం ఈ దిబ్బ దాదాపు రెండు లక్షల ఏళ్ళ చరిత్రను దాచుకుంది.

ఈ అధ్యయనాల నుంచి తేలిన ఒక విషయం చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది. ప్రపంచం అత్యంత చల్లగా, పొడిగా ఉన్న కాలంలో, అంటే దాదాపు 20,000 ఏళ్ళ కిందట, థార్‌లో దిబ్బలు విపరీతంగా పెరిగి ఉంటాయని అనుకుంటాం. నిజానికి ఇసుకను కదిలించే గాలి ఇక్కడ నైరుతి రుతుపవన గాలే. రుతుపవనం పూర్తిగా బలహీనపడినప్పుడు వాన ఉండదు, గాలీ ఉండదు. గాలి తిరిగి బలపడి, వాన మాత్రం ఇంకా నేలను గడ్డితో కప్పేంతగా పుంజుకోని మధ్యకాలంలోనే దిబ్బలు ఎక్కువగా పెరిగాయి. కాబట్టి ‘ఇసుక ఉంది, కనుక కరువు పరాకాష్ఠలో ఉంది’ అని సూటిగా అనడానికి వీల్లేదు.

రాతి పనిముట్టు వయస్సును ఎలా లెక్కిస్తారు? రాయికి వయస్సు ఉంటుందా?

రాయి వయస్సు కోట్ల ఏళ్ళు. అది మనకు ఉపయోగపడదు. మనకు కావలసింది ఆ రాయిని మనిషి చెక్కి వదిలిన సమయం. దాన్ని సూటిగా కొలిచే మార్గం సాధారణంగా లేదు కనుక, రాయిని కప్పిన ఇసుక ఎప్పుడు చీకటిలో పడిందో కొలుస్తారు. బొగ్గు, ఎముక ఉంటే రేడియోకార్బన్ పద్ధతి పనికొస్తుంది. అది సుమారు 50,000 ఏళ్ళ వరకే చెల్లుతుంది. పైగా ఎడారి ఇసుకలో ఎముక, బొగ్గు మిగలడం అరుదు.

అందువల్ల థార్‌లో ప్రధాన ఆధారం ల్యూమినెసెన్స్ పద్ధతి. మట్టిలో యురేనియం, థోరియం, పొటాషియం అతి స్వల్పంగా ఉంటాయి. వాటి వికిరణం ఇసుక రేణువుల్లో కొద్దికొద్దిగా శక్తిని నిల్వ చేస్తూ పోతుంది. రేణువుకు ఎండ తగిలితే ఆ నిల్వ ఖాళీ అవుతుంది. పూడుకుపోతే మళ్ళీ సున్నా నుంచి నిండడం మొదలవుతుంది. ప్రయోగశాలలో ఆ రేణువు మీద కాంతిని ప్రసరింపజేస్తే నిల్వ ఉన్న శక్తి సన్నని వెలుగుగా బయటికి వస్తుంది. ఎంత నిల్వ ఉందో, ఏడాదికి ఎంత చేరుతుందో తెలిస్తే మిగిలింది భాగహారమే. ఈ మోతాదును ‘గ్రే’ అనే ప్రమాణంలో కొలుస్తారు. ఉదాహరణకు ఒక రేణువులో 120 గ్రేల మోతాదు నిల్వ ఉండి, వెయ్యి ఏళ్ళకు 2 గ్రేల చొప్పున చేరుతూ ఉంటే, అది చీకటిలో పడి 60,000 ఏళ్ళు అయినట్టు. గాలికి ఎగిరి వచ్చిన ఇసుక ఎండలో బాగా నానుతుంది కనుక ఈ పద్ధతికి ఎడారి ఇసుక ఎంతో అనుకూలం. ఇసుకలో ఎక్కువగా ఉండే క్వార్ట్జ్ అనే ఖనిజపు రేణువుల నిల్వ సామర్థ్యం ఒక స్థాయి దాటాక నిండిపోతుంది. అంతకన్నా పాత పొరలకు ఫెల్డ్‌స్పార్ అనే మరొక ఖనిజపు రేణువులను వాడతారు.

నమూనా తీసే తీరు చూడదగ్గది. శుభ్రం చేసిన ఇసుక గోడలోకి ఇనుప గొట్టాన్ని సుత్తితో దిగ్గొట్టి, వెలుతురు సోకకుండా నల్లని గుడ్డ కప్పి గొట్టాన్ని బయటికి లాగి, రెండు చివరలూ వెంటనే గట్టిగా మూసేస్తారు. ఆ గొట్టాన్ని తిరిగి తెరిచేది ఎర్ర దీపం వెలుగులో, ప్రయోగశాల చీకటిగదిలో మాత్రమే. ఒక్క క్షణం ఎండ తగిలినా, లక్ష ఏళ్ళ గడియారం మళ్ళీ మొదటి నుంచి నడవడం మొదలుపెడుతుంది.

రాళ్ళ మీద నల్లగా మెరిసే పూత ఆధారంగా వయస్సు చెప్పలేమా?

మాంగనీసు, ఇనుము ఆక్సైడ్‌లతో ఏర్పడే ఆ పూత చాలా నెమ్మదిగా పేరుకుంటుంది. ఒకే చోట పక్కపక్కన ఉన్న రెండు రాళ్ళలో ఏది ముందు, ఏది తరువాత అన్న అంచనాకు అది సాయపడవచ్చు. అయితే తేమ, దుమ్ము, రాతి రకాన్నిబట్టి దాని వేగం మారిపోతుంది. ఏళ్ళలో వయస్సు చెప్పడానికి నేను దాని మీద ఆధారపడను.

సింగీ తలావ్ గురించి ఈ మధ్య ఎందుకు అంతగా మాట్లాడుకుంటున్నారు?

డీడ్వానా సరస్సు ప్రాంతంలో, సున్నపు మట్టి కోసం తవ్విన గుంటల వల్ల బయటపడిన స్థలం ఇది. 1980లలో క్లేర్ గయార్, మిశ్రా ఇక్కడ తవ్వకాలు జరిపి క్వార్ట్‌జైట్ అనే గట్టి రాతి చేతిగొడ్డళ్ళను, అంటే అషూలియన్ అని పిలిచే చేతిగొడ్డళ్ళ సంస్కృతిని గుర్తించారు. పనిముట్ల మధ్య చాలా చిన్న స్ఫటికాలు ఆరు దొరికాయి. అవి పనిముట్లుగా వాడినవి కావు, వాడేంత పెద్దవీ కావు. ఎవరో ఏరి తెచ్చుకున్నారని పరిశోధకులు 1989లో వాదించారు. మెరిసే రాయి కనిపిస్తే మన పిల్లలు జేబులో వేసుకుంటారు కదా, ఆ బుద్ధి ఎంత పాతదో అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. అయితే అది నా ఊహ మాత్రమే.

ఈ స్థలం ఎంతో పాతదని చాలాకాలం భావించారు. 2021లో జేమ్స్ బ్లింక్‌హార్న్, చెన్నై అన్నా విశ్వవిద్యాలయానికి చెందిన హేమా అచ్యుతన్ తదితరులు ల్యూమినెసెన్స్ పద్ధతిలో లెక్కించి, చేతిగొడ్డళ్ళు చేసిన మనుషులు ఇక్కడ 1,77,000 ఏళ్ళ కిందటి దాకా నివసించారని ప్రకటించారు. ప్రపంచంలో చాలాచోట్ల ఆ పద్ధతి అప్పటికే కనుమరుగైంది. అంటే రుతుపవనపు అంచున ఉన్న ఈ సరస్సు ఒడ్డు ఆ పాత సంప్రదాయానికి చివరి ఆశ్రయాల్లో ఒకటి అన్నమాట.

ఆ సరస్సు చుట్టూ ఎటువంటి మొక్కలుండేవో కూడా మట్టే చెప్పింది. గడ్డి కణాల్లో పేరుకునే సిలికా రేణువులు మొక్క కుళ్ళిపోయినా మట్టిలో మిగులుతాయి. మట్టిలోని కర్బన ఐసోటోపుల (బరువులో తేడా ఉన్న కర్బన పరమాణువుల) నిష్పత్తి మరొక సాక్ష్యం: జొన్న, మొక్కజొన్న, చెరకు వంటి ఎండను తట్టుకునే జాతులు ఒక రకమైన గుర్తును, వరి, చాలా చెట్లు మరొక రకమైన గుర్తును వదులుతాయి. ఈ రెండింటిని కలిపి చూస్తే అప్పటి నేల మీద గడ్డి మైదానం ఉండేదా, చెట్లుండేవా అన్నది అంచనా వేయవచ్చు.

థార్‌లో నదులు ఉండేవా?

ఉండేవి. జాయల్ గులకరాళ్ళు అతి పాత నదులకు సాక్ష్యం. బికనేర్ దగ్గరి నాల్ అనే చోట ఇసుక, కంకర కోసం తవ్విన క్వారీ గోడల్లో ఒక నది పొరలు బయటపడ్డాయి. 2020లో ప్రచురితమైన అధ్యయనం వాటి వయస్సును 1,72,000 ఏళ్ళ దాకా తీసుకెళ్ళింది. ఆ తరువాత దశల్లో ప్రవాహం తగ్గుతూ, దాదాపు 26,000 ఏళ్ళ కిందటి దాకా అప్పుడప్పుడూ సాగింది. ఇప్పుడు అక్కడికి దగ్గరలో పారే నది ఏదీ లేదు. ఎడారి మధ్యలో పనిముట్లు దొరికితే ‘నీళ్ళు లేని చోట ఎలా బతికారు’ అని అడిగేకంటే, ఆ రోజున అక్కడ నీళ్ళు ఉన్నాయేమో అని ముందు చూడాలి.

ఆ పనిముట్లు చేసింది మనలాంటి మనుషులేనా?

థార్‌లో ఆ కాలపు మానవ శిలాజాలు దొరకలేదు. కటోతీలో దాదాపు 95,000 ఏళ్ళ నుంచి 60,000 ఏళ్ళ మధ్య కాలానికి చెందిన మధ్య పాత రాతి యుగపు పనిముట్లు లభించాయి. రాయిని ముందుగా సిద్ధం చేసుకొని, అనుకున్న ఆకారంలో పెచ్చును ఊడదీసే పద్ధతి వాటిలో కనిపిస్తుంది. ఆఫ్రికాలో, అరేబియాలో ఆధునిక మానవులకు ముడిపెట్టే పనిముట్లతో వీటికి పోలికలున్నాయి కనుక, ఆధునిక మానవులు ఎడారి అంచుల గుండా భారతదేశంలోకి ప్రవేశించి ఉండవచ్చని 2013లో ఒక అధ్యయనం ప్రతిపాదించింది. అయితే తమిళనాడులోని అత్తిరంపాక్కంలో ఈ తరహా పనితనం 3,85,000 ఏళ్ళ కిందటే మొదలైందని 2018లో శాంతి పప్పు బృందం ప్రకటించింది. పనితనం ఒకటైనంత మాత్రాన చేసిన చెయ్యి ఒకటే అని చెప్పలేము. శిలాజం దొరికే దాకా ఈ విషయంలో ఖాయంగా మాట్లాడకపోవడమే న్యాయం.

పనిముట్లు తక్కువగా ఉంటే మనుషులు తక్కువగా ఉన్నట్టేనా?

ఇక్కడ ఆస్ట్రేలియా ఉదాహరణ ఎంతో ఉపయోగపడుతుంది. న్యూ సౌత్ వేల్స్ పడమటి ఎండు నేలల్లో సైమన్ హోల్డవే, ప్యాట్రీషియా ఫానింగ్ అనే పరిశోధకులు ఏళ్ళ తరబడి రాతి పెచ్చులను, పొయ్యి రాళ్ళను లెక్కపెట్టారు. పంతొమ్మిదో శతాబ్దంలో గొర్రెల పెంపకం వచ్చాక గడ్డి పోయి, పైమట్టి కొట్టుకుపోయి అవి బయటపడ్డాయి. కాబట్టి పనిముట్లు ఎక్కువగా కనిపించే చోటు జనం ఎక్కువగా తిరిగిన చోటే కానక్కరలేదు. అది మట్టి ఎక్కువగా పోయిన చోటు కూడా కావచ్చు. మట్టి ఇంకా కప్పి ఉన్న పక్క నేలలో అంతకన్నా ఎక్కువ ఉండవచ్చు.

అదే ప్రాంతంలో మరొక చక్కని లెక్క వేశారు. గుండ్రాయి బయటి తోలు ఎంత వైశాల్యం ఉంటుందో దాని పరిమాణాన్నిబట్టి చెప్పవచ్చు. అక్కడ మిగిలిన పెచ్చులన్నిటి మీద ఉన్న తోలును కూడితే రావలసిన దానికంటే తక్కువ వచ్చింది. అంటే కొన్ని పెచ్చులను మనుషులు తమతో తీసుకుపోయారు. అక్కడ లేని రాళ్ళు ఆ మనుషుల నడక గురించి చెప్పాయి. ఇటువంటి లెక్కలు మన దేశంలోనూ విరివిగా జరగాలని నా కోరిక.

తెలుగు నేలలో ఇటువంటి చోటు ఏదైనా ఉందా?

ఉంది, అది ప్రపంచప్రసిద్ధం. రాయలసీమ ఎడారి కాదు గాని వానలు తక్కువ పడే మెట్ట నేల. బనగానపల్లె అంటే చాలామందికి మామిడి గుర్తుకొస్తుంది. దానికి దగ్గరలోనే జుర్రేరు లోయలో జ్వాలాపురం ఉంది. సుమారు 74,000 ఏళ్ళ కిందట సుమత్రాలోని టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు ఎగిరిన బూడిద, రెండున్నర వేల కిలోమీటర్లకు పైగా ప్రయాణించి ఇక్కడి నేల మీద రాలింది. వాన ఆ బూడిదను చుట్టుపక్కల వాలుల నుంచి పల్లంలోకి కడిగి తెచ్చింది కనుక కొన్నిచోట్ల అది రెండు మీటర్లకు మించిన మందంలో పేరుకుంది. పాత్రలు తోమే పొడుల వంటి వాటి కోసం ఆ తెల్లని బూడిదను స్థానికంగా తవ్వుతూ వచ్చారు. ఆ గుంటల గోడల్లోనే పరిశోధకులకు పొరలు కనిపించాయి.

రవి కొరిశెట్టర్, మైఖేల్ పెట్రాగ్లియా బృందం 2007లో ప్రచురించిన ఫలితాల ప్రకారం బూడిద పొరకు కిందా, పైనా కూడా మధ్య పాత రాతి యుగపు పనిముట్లు ఉన్నాయి, వాటి తీరులో పెద్ద మార్పు లేదు. ఆ విస్ఫోటం దక్షిణాసియా మనుషులను తుడిచిపెట్టేసిందన్న వాదనకు ఇది గట్టి సవాలు. చేసింది ఆధునిక మానవులేనా అన్న చర్చ ఇక్కడా తెగలేదు. అదే ప్రాంతంలోని ఒక రాతి చరియ కింద 35,000 ఏళ్ళ నాటి సూక్ష్మ పనిముట్లు కూడా దొరికాయి. అక్కడి గోడ ముందు నిలబడితే కింద ఎర్రని బంకమన్ను, మధ్యలో పిండి ఆరబోసినట్టున్న తెల్లని బూడిద, పైన గోధుమరంగు మట్టి, ఇన్ని వేల ఏళ్ళు మూడు రంగుల్లో కనిపిస్తాయి.

క్వారీలు ఈ శాస్త్రానికి మేలు చేశాయా, కీడు చేశాయా?

రెండూ చేశాయి. సింగీ తలావ్, నాల్, జ్వాలాపురం, మూడూ తవ్వకపు గుంటల వల్లే బయటి ప్రపంచానికి తెలిశాయి. అయితే గుంట గోడను కనిపించేలా చేసిన యంత్రమే మరుసటి నెలలో ఆ గోడను లారీకి ఎత్తుతుంది. ఒకసారి పోయిన పొరను తిరిగి పేర్చలేము. క్వారీకి అనుమతి ఇచ్చే ముందు పొరలను ఒకసారి నమోదు చేయించడం, కనీసం ఒక గోడను రక్షిత భాగంగా వదిలేయడం పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు. ఈ మాట నేను బాధతోనే చెబుతున్నాను.

మా పొలంలోనో, కొండ వాలులోనో రాతి పనిముట్టు కనిపిస్తే ఏం చేయాలి?

తీయకండి. ముందుగా అది ఉన్నది ఉన్నట్టుగా ఫొటో తీయండి; పక్కన పెన్ను గాని, నాణెం గాని పెడితే పరిమాణం తెలుస్తుంది. కొంచెం వెనక్కి జరిగి చుట్టూ ఉన్న నేల, వాగు, గట్టు కనిపించేలా మరొక ఫొటో తీయండి. ఫోన్‌లో ఆ స్థలపు అక్షాంశ రేఖాంశాలను నమోదు చేసుకోండి. మట్టి రంగు, వాగు కోసిన గట్టు ఉంటే అందులో ఆ రాయి ఏ పొరలో ఉందో రెండు వాక్యాలు రాయండి. తరువాత రాష్ట్ర పురావస్తు శాఖకు గాని, దగ్గరి విశ్వవిద్యాలయంలోని పురావస్తు విభాగానికి గాని తెలియజేయండి. అనుమతి లేకుండా తవ్వడం చట్టరీత్యా తప్పు. 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం, 1972 నాటి పురావస్తువుల చట్టం ఈ విషయాలకు వర్తిస్తాయి. దున్నుతుంటే నాగలికి తగిలి రాయి ఎలాగూ పైకి వచ్చేస్తే, దాన్ని కడగకుండా కాగితంలో చుట్టి, ఏ చేనులో ఏ మూల దొరికిందో ఆ కాగితం మీదే రాసి ఉంచండి. దాని అడుగున పట్టుకున్న తెల్లని సున్నాన్ని గీకేయవద్దు.